క్షిపణిని కాదు, దానికి ముందొచ్చిన నోటీసును చూడండి

పొరుగు దేశం క్షిపణిని పరీక్షించిందన్న వార్త రాగానే టీవీలో ఎర్ర అక్షరాల్లో యుద్ధ మేఘాలు కమ్ముకుంటాయి. గుంటూరు అరండల్‌పేట టీ బడ్డీ దగ్గర రక్షణ నిపుణులు పుట్టుకొస్తారు. జలంధర్‌లోనో జమ్మూలోనో పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులు మాత్రం ఫోను పట్టుకుని కూర్చుంటారు. నిజానికి జవాబు కావాల్సింది వాళ్లకే. ఈ పరీక్షతో యుద్ధం వస్తుందా? పిల్లాణ్ని వచ్చెయ్యమని చెప్పాలా?

ముందు సూటిగా చెప్పేద్దాం. క్షిపణి పరీక్ష ఒక్కటే కారణంగా రెండు దేశాలు యుద్ధానికి దిగిన సందర్భం ఇప్పటిదాకా లేదు. అలాగని పరీక్షల్ని పట్టించుకోనక్కర్లేదనీ కాదు. క్షిపణి ఎంత దూరం వెళ్లిందన్న దాంతో మనకు పెద్దగా పని లేదు. ఎవరికి చెప్పి వదిలారు, ఏ సమయంలో వదిలారు, అవతల రాడార్ ముందు కూర్చున్నవాడు దాన్ని ఏమనుకున్నాడు అన్న దగ్గరే అసలు ప్రమాదం ఉంటుంది.

2025 ఏప్రిల్, మే నెలల వరస చూడండి. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. 24న మన యుద్ధనౌక ఐఎన్ఎస్ సూరత్ అరేబియా సముద్రంలో గగనతల రక్షణ క్షిపణిని పరీక్షించింది. మే 3న పాకిస్థాన్ 450 కిలోమీటర్లు వెళ్లే అబ్దాలీ క్షిపణిని, 5న 120 కిలోమీటర్లు వెళ్లే ఫతాను ప్రయోగించింది. 7వ తేదీ తెల్లవారకముందే ఆపరేషన్ సిందూర్ మొదలైంది. తేదీలు మాత్రమే పక్కపక్కన పెట్టుకుంటే పరీక్షల వల్లే యుద్ధం వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ ఢిల్లీలో నిర్ణయానికి కారణం పహల్గాం. అబ్దాలీ ఎగరకపోయినా ఆ దాడి జరిగేదే. భారత్‌ను వెనకడుగు వేయించడానికే పాకిస్థాన్ ఆ రెంటినీ ఎగరేసిందనుకుంటే, ఆ పనీ కాలేదు.

ఇదే తరహా వరస 2002లోనూ నడిచింది. పార్లమెంటుపై దాడి తరవాత రెండు సైన్యాలూ సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డాయి. జనవరి 25న మనం 700 కిలోమీటర్ల అగ్నిని పరీక్షించాం. మే 14న జమ్మూ దగ్గరి కాలూచక్‌లో సైనిక కుటుంబాల మీద ఉగ్రదాడి జరిగింది. ఉద్రిక్తత అంచుకు చేరిన ఆ నెలలోనే పాకిస్థాన్ 25, 26, 28 తేదీల్లో ఘౌరీ, గజ్నవీ, అబ్దాలీలను వరసపెట్టి ప్రయోగించింది. యుద్ధం రాలేదు. తెర వెనక దౌత్యం పనిచేసింది, సైన్యాలు కొన్ని నెలల తరవాత వెనక్కి మళ్లాయి. రెండుసార్లూ పరీక్షలు జరిగాయి. ఒకసారి దాడి జరిగింది, ఒకసారి జరగలేదు. కాబట్టి పరీక్షను బట్టి యుద్ధాన్ని లెక్కగట్టడం కుదరదు.

పరీక్ష తెచ్చిపెట్టేది చాలాసార్లు యుద్ధం కాదు, ఇంకో పరీక్ష. 1998 ఏప్రిల్ 6న పాకిస్థాన్ 1,500 కిలోమీటర్లు వెళుతుందని చెప్పుకున్న ఘౌరీని ప్రయోగించింది. మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిపాం. అదే నెల 28, 30 తేదీల్లో వాళ్లు బలూచిస్థాన్‌లో జరిపారు. ఘౌరీ వల్లే పోఖ్రాన్ అనలేం. అణ్వస్త్రాల మాట అప్పటికే బీజేపీ ఎన్నికల ప్రణాళికలో ఉంది. కానీ ఘౌరీ తరవాత ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవడం తేలికైంది. పరీక్షల అసలు ఖర్చు ఇక్కడే పడుతుంది. రెండు దేశాల బడ్జెట్లలో, పదేళ్ల తరవాత.

పరీక్షకూ దాడికీ తేడా ఎక్కడ తెలుస్తుంది

పరీక్షకు బయల్దేరే క్షిపణిలో పేలే వార్‌హెడ్ ఉండాల్సిన చోట చాలాసార్లు బరువు, కొలత పరికరాలు ఉంటాయి. గాల్లో ఉన్నంతసేపూ వేగం, ఉష్ణోగ్రత, కుదుపు, దిశ వంటి లెక్కల్ని అది రేడియో ద్వారా కిందికి పంపుతూనే ఉంటుంది. దీన్నే టెలిమెట్రీ అంటారు. ఆ సంకేతాలు అందుకోవడానికి తీరం పొడవునా కేంద్రాలు, దారి గమనించే రాడార్లు, దూరదర్శిని కెమెరాలు, పడే చోటికి దగ్గర్లో ఓడలు ఉండాలి. ఒడిశాలోని చాందీపూర్, అబ్దుల్ కలాం దీవి చుట్టూ మనకు ఉన్న ఏర్పాటు ఇదే. పాకిస్థాన్‌కు కరాచీకి పడమరన సోన్మియానీలో అలాంటి రేంజ్, అంటే పరీక్ష కేంద్రం ఉంది. పరీక్ష రోజున లాంచ్‌ప్యాడ్ దగ్గరి ఊళ్లను తాత్కాలికంగా ఖాళీ చేయిస్తారు, సముద్రంలో పడవల్ని పక్కకు పంపిస్తారు. ఇంత హడావుడి ఎవరి కంటా పడకుండా జరగదు.

పరీక్ష క్షిపణిలో మరో భాగం కూడా ఉంటుంది. దారి తప్పితే నేల మీద నుంచి ఆదేశమిచ్చి గాల్లోనే పేల్చేసే ఏర్పాటు అది. యుద్ధానికి మోహరించిన క్షిపణుల్లో సాధారణంగా దీన్ని పెట్టరు. ఆ సంకేతం శత్రువుకు చిక్కితే మన క్షిపణిని దారిలోనే పేల్చేయగలడు కదా. అందుకే రేంజ్‌లో తప్పిన క్షిపణి సముద్రంలో తుక్కై పడుతుంది. దళాల దగ్గర పొరపాటున వదిలిన క్షిపణి మాత్రం ఇంధనం అయిపోయేదాకా ఆగదు.

నిజంగా దాడి చేసేవాడు ఒక్క క్షిపణిని, అందరికీ తెలిసిన ఒకే చోటు నుంచి, సముద్రం వైపు వదలడు. పదులకొద్దీ లాంచర్ వాహనాలు బ్యారక్‌ల నుంచి బయటికొచ్చి చెదిరిపోతాయి. యుద్ధ విమానాలు ముందు వరస స్థావరాల నుంచి వెనక స్థావరాలకు మారతాయి. సెలవులు రద్దవుతాయి. క్షేత్ర ఆస్పత్రులు లేస్తాయి, రక్తం నిల్వలు కదులుతాయి. గగనతలం మూసేస్తారు. ఉపగ్రహాలు ఇవన్నీ చూస్తాయి. క్షిపణి ఒక్కటే కనిపించి ఇవేవీ కనిపించకపోతే అది పరీక్షే.

అయితే దీనికి తిరకాసు కూడా ఉంది. 2022 ఫిబ్రవరి 19న రష్యా తన అణు దళాలతో క్షిపణి విన్యాసం జరిపింది, పుతిన్ స్వయంగా చూశారు. ఐదు రోజుల తరవాత, 24న ఉక్రెయిన్ మీద దండెత్తింది. అప్పుడు కూడా యుద్ధం వస్తోందని చెప్పింది ఆ క్షిపణులు కాదు. సరిహద్దులో లక్షకు పైగా సైన్యం, బెలారస్‌లో గడువు ముగిసినా వెనక్కి వెళ్లని దళాలు, ముందుకు తరలిన వైద్య సామగ్రి. విన్యాసాన్ని ముసుగుగా వాడుకోవచ్చు. రక్తం నిల్వల్ని ముసుగుగా వాడటం కష్టం. అవి చెడిపోతాయి, ఉత్తినే తరలించే వస్తువులు కావు.

నోటామ్ ఎలా చదవాలి

క్షిపణి ఎగిరేదానికన్నా ముందు ఒక కాగితం ఎగురుతుంది. పైలట్లకు, విమాన సంస్థలకు ఇచ్చే హెచ్చరికను నోటామ్ అంటారు. మన దేశంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దాన్ని జారీ చేస్తుంది. ఓడలకు వేరే హెచ్చరిక వెళుతుంది. హిందూ మహాసముద్రంలో మన వైపు భాగానికి దాన్ని పంపే బాధ్యత డెహ్రాడూన్‌లోని నౌకాదళ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానిది. ఆ పక్క భాగానికి పాకిస్థాన్‌ది. ఈ రెండు రకాల నోటీసులూ రహస్యం కావు. ఎవరైనా చూడొచ్చు. అర్థం చేసుకోవడం కూడా అంత కష్టమేమీ కాదు.

నోటామ్‌లో ఏ, బీ, సీ అంటూ వరసలు ఉంటాయి. 'ఏ' వరసలో గగనతల ప్రాంతం ఉంటుంది. బీ మొదలయ్యే సమయం, సీ ముగిసే సమయం. రెంటిలోనూ పదేసి అంకెలు ఉంటాయి. ఉదాహరణకు బీలో 2511040230 అని ఉందనుకోండి. 25 సంవత్సరం, 11 నెల, 04 తేదీ, 02 గంటల 30 నిమిషాలు. ఇది అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన గడియారానికి ఐదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం 8 గంటలు. ఇది కలపడం మరిచిపోయి 'అర్ధరాత్రి రెండున్నరకు దాడి' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకు లోటు లేదు.

డీలో రోజువారీ వేళలుంటాయి. 'ఈ'లో స్థలం ఉంటుంది, అక్షాంశ రేఖాంశాల్లో. వాటిని మ్యాప్ మీద చుక్కలుగా పెట్టి కలిపితే సముద్రం మీద పొడుగాటి పట్టీలాంటి ఆకారం వస్తుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ తేడా అంటే సుమారు 111 కిలోమీటర్లు, ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) తేడా అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. చివర ఎఫ్, జీ వరసల్లో ఎత్తు ఉంటుంది. నేల నుంచి మొదలై పైన హద్దు లేదని ఉంటే బాలిస్టిక్ క్షిపణో (విసిరిన రాయిలా పైకెగిసి వంగి పడేది), రాకెట్టో అయ్యే అవకాశం ఎక్కువ.

ఈ పట్టీ పొడవు కొలిచి క్షిపణి రేంజ్ (అది వెళ్లగల దూరం) ఇంత అని ప్రకటించేయడం ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒక వృత్తి అయిపోయింది. అందులో మూడు పొరపాట్లు దొర్లుతాయి. పట్టీలో భద్రత కోసం వదిలిన అదనపు దూరం ఉంటుంది. ఎక్కువ రేంజ్ క్షిపణిని కావాలనే తక్కువ దూరానికి ప్రయోగించవచ్చు. ఇక శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ వెళ్లినా ఇలాంటి పట్టీయే వస్తుంది. వీటికి తోడు దూరం దాచుకోవడానికి క్షిపణిని దాదాపు నిట్టనిలువుగా పంపే పద్ధతి ఉంది. ఉత్తర కొరియా 2017 నవంబరు 29న హ్వాసాంగ్-15ను అలాగే పంపింది. అది 4,475 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, 53 నిమిషాలు గాల్లో ఉండి, కేవలం 950 కిలోమీటర్ల దూరంలో పడింది. దూరం మాత్రమే చూసినవాడికి అది చిన్న క్షిపణి. ఎత్తు లెక్కగట్టినవాడికి అమెరికాను చేరగల క్షిపణి.

నోటామ్ వచ్చిందంటే ప్రయోగం జరిగి తీరుతుందనీ లేదు. వాతావరణం బాగోకపోయినా, పట్టీలోకి ఓడ వచ్చినా, చివరి తనిఖీలో ఏదో లోపం కనిపించినా వాయిదా వేస్తారు, నోటామ్ రద్దు చేస్తారు. పరాయి దేశపు నిఘా ఓడ దగ్గర్లో ఉన్నా పరీక్ష జరపడానికి ఇష్టపడరు. టెలిమెట్రీ సంకేతాలు వాళ్లూ పట్టుకుంటారు కాబట్టి. 2022 ఆగస్టులో చైనా ఓడ యువాన్ వాంగ్-5 శ్రీలంకలోని హంబన్‌టోటకు వస్తుంటే ఢిల్లీ అంత ఆందోళన పడింది ఇందుకే.

2005 ఒప్పందం, అందులోని కంత

భారత్, పాకిస్థాన్‌ల మధ్య మాటలే లేని రోజుల్లో కూడా నడుస్తూ వచ్చిన కాగితాలు కొన్ని ఉన్నాయి. 2005 అక్టోబరు 3న ఇస్లామాబాద్‌లో సంతకాలు జరిగిన బాలిస్టిక్ క్షిపణి పరీక్షల ముందస్తు సమాచార ఒప్పందం వాటిలో ఒకటి. పరీక్ష జరిపే దేశం ఐదు రోజుల వ్యవధిని ప్రకటించాలి. ఆ వ్యవధి మొదలు కావడానికి కనీసం మూడు రోజుల ముందు రెండో దేశానికి చెప్పాలి. ప్రయోగించే చోటు అంతర్జాతీయ సరిహద్దుకు గానీ నియంత్రణ రేఖకు గానీ 40 కిలోమీటర్ల లోపు ఉండకూడదు. పడే చోటు 75 కిలోమీటర్ల లోపు ఉండకూడదు. క్షిపణి దారి సరిహద్దును దాటకూడదు, దానికి 40 కిలోమీటర్ల దూరం పాటించాలి.

ఈ దూరాలు ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే వేగం తెలియాలి. పాకిస్థాన్‌లోని సర్గోధా నుంచి ఢిల్లీకి సరళరేఖలో సుమారు 580 కిలోమీటర్లు. ఆ దూరాన్ని బాలిస్టిక్ క్షిపణి ఏడు నిమిషాల్లో దాటుతుంది. బెజవాడ బస్టాండ్‌లో ఎక్కిన గుంటూరు బస్సు వారధి దాటేలోపు అన్నమాట. అమెరికా, రష్యాల మధ్య అరగంట ఉంటుంది. మనకు, పాకిస్థాన్‌కు ఆ అరగంట లేదు. రాడార్‌లో చుక్క కనిపించాక, అది ఎటు పోతోందో తేలాక, పైవాళ్లకు చెప్పాక మిగిలేది నిమిషాలే. ఆ నిమిషాల్లో ఒకాయన చేతిలో మూడు రోజుల కింద వచ్చిన నోటీసు ఉందా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది.

ఒప్పందంలో కంత ఎక్కడంటే, అది బాలిస్టిక్ క్షిపణులకే వర్తిస్తుంది. క్రూజ్ క్షిపణులు అందులో లేవు. మన బ్రహ్మోస్, వాళ్ల బాబర్, రాద్ వంటివి విమానంలా గాలిని ఆధారం చేసుకుని వెళతాయి, దారిలో మలుపులు తిరుగుతాయి. వీటి పరీక్షకు రెండో దేశానికి నేరుగా చెప్పాలన్న నియమం లేదు. పైగా అణ్వస్త్రం మోసేదేదో, మామూలు వార్‌హెడ్ మోసేదేదో బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. పాకిస్థాన్ తన బాబర్ రెండు రకాలూ మోస్తుందని చెబుతుంది. దక్షిణాసియాలో క్షిపణుల వల్ల అనుకోకుండా యుద్ధం వచ్చే దారి ఏదైనా ఉంటే అది ఇదేనని మా అభిప్రాయం. మూడు వేల కిలోమీటర్ల అగ్ని మీద టీవీల్లో జరిగే చర్చలో పదో వంతైనా దీని మీద జరగదు.

ఇది ఊహ కాదు, జరిగి చూపించింది. 2022 మార్చి 9 సాయంత్రం మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున బయల్దేరింది. సరిహద్దు దాటి పాకిస్థాన్ పంజాబ్‌లోని మియా చన్నూ దగ్గర, 124 కిలోమీటర్ల లోపల పడింది. వార్‌హెడ్ లేదు, ప్రాణనష్టం జరగలేదు. తమ గగనతలంలో మూడు నిమిషాల 44 సెకన్లు ఉందని పాకిస్థాన్ చెప్పింది. మరుసటి రోజు వాళ్లు విలేకరులను పిలిచి చూపించారు. నిర్వహణ పనుల్లో సాంకేతిక లోపమని మనం బహిరంగంగా ఒప్పుకున్నది 11న. ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారుల్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సాయంత్రం సరిహద్దు ప్రశాంతంగా ఉంది కాబట్టి అది పొరపాటుగా ముగిసింది. అదే క్షిపణి, అదే దారి, 2025 మే 6 రాత్రి అయితే దాన్ని పొరపాటు అనుకునేవాడు అవతల ఎవడూ ఉండడు.

నోటీసు ఇచ్చినా సరిపోదని చెప్పే ఘటన ఇంకోటి. 1995 జనవరి 25న నార్వే శాస్త్రవేత్తలు ఉత్తర ధ్రువ కాంతుల అధ్యయనం కోసం బ్లాక్ బ్రాంట్ అనే పరిశోధన రాకెట్‌ను పంపారు. రష్యాతో సహా పలు దేశాలకు ముందే తెలియజేశారు. ఆ కబురు మాస్కోలో ఏదో బల్ల దగ్గర ఆగిపోయింది, రాడార్ సిబ్బందికి చేరలేదు. జలాంతర్గామి నుంచి వచ్చిన అమెరికా క్షిపణిలా కనిపించింది వాళ్లకు. అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు అణు దాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేసు తెరిచారు. రాకెట్ రష్యా వైపు రావడం లేదని కొద్ది నిమిషాల్లో తేలడంతో గండం గడిచింది. కాగితం రాయడం సగం పనే, దాన్ని రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి దాకా చేర్చడం మిగతా సగం.

జవాబుగా చేసే పరీక్షలు కూడా తలనొప్పి తెస్తాయి. 2022 అక్టోబరు 4న ఉత్తర కొరియా క్షిపణి జపాన్ మీదుగా వెళ్లి పసిఫిక్‌లో పడింది. ఆ రాత్రే జవాబుగా దక్షిణ కొరియా గాంగ్నుంగ్‌లో వదిలిన హ్యున్మూ క్షిపణి ముందుకు పోవాల్సింది వెనక్కి తిరిగి తమ వైమానిక స్థావరంలోనే కూలింది. మంటలు లేచాయి. సైన్యం తెల్లవారేదాకా నోరు విప్పలేదు. ఊరి జనం యుద్ధం మొదలైందనే అనుకున్నారు. ఆ రాత్రి వాళ్లను భయపెట్టింది ఉత్తర కొరియా కాదు, సొంత ప్రభుత్వపు మౌనం.

చట్టం ఏమంటుంది

దీని గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లకు పైచిలుకు, ఆ దేశపు సొంత జలాలు. అవి దాటాక అంతర్జాతీయ జలాల్లో క్షిపణి పడితే అది సాయుధ దాడి కిందికి రాదు. ఆత్మరక్షణ పేరుతో తిరిగి కొట్టే హక్కు ఐక్యరాజ్య సమితి నిబంధనావళి 51వ అధికరణం సాయుధ దాడి జరిగినప్పుడే ఇస్తుంది. 2022 ఆగస్టులో తైవాన్ చుట్టూ చైనా వదిలిన క్షిపణుల్లో ఐదు జపాన్ ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే సొంత జలాలు దాటాక చేపల వేట వంటి హక్కులు మాత్రమే ఉండే సముద్రంలో పడ్డాయి. జపాన్ తీవ్రంగా నిరసించింది, అంతవరకే. ఉత్తర కొరియాకైతే 2006 నుంచి భద్రతామండలి తీర్మానాల ప్రకారం బాలిస్టిక్ పరీక్షలే నిషేధం. అయినా చేస్తూనే ఉంది, ఆంక్షలు పెరిగాయే తప్ప యుద్ధం రాలేదు. 2022 మేలో కొత్త ఆంక్షల్ని రష్యా, చైనా వీటో చేశాక ఆ ఆంక్షల దారి కూడా మూసుకుపోయింది. బెదిరింపు పారిన దాఖలాలూ తక్కువే. 1996 మార్చిలో తైవాన్ ఎన్నికల ముందు చైనా ఆ దీవి రేవుల దగ్గర క్షిపణులు పడేలా ప్రయోగిస్తే, అమెరికా రెండు విమానవాహక నౌకల్ని పంపింది. చైనాకు నచ్చని లీ టెంగ్-హుయే గెలిచాడు.

మన దాకా వస్తే

లాహోర్ నుంచి విజయవాడకు గీత గీస్తే 1,800 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పాకిస్థాన్ 2015లో పరీక్షించిన షాహీన్-3 రేంజ్ 2,750 కిలోమీటర్లు. అంటే కాగితం మీద మనం అప్పటి నుంచే దాని పరిధిలో ఉన్నాం. కాబట్టి 450 కిలోమీటర్ల అబ్దాలీనో, 120 కిలోమీటర్ల ఫతానో మళ్లీ పరీక్షించారన్న వార్తతో బెజవాడలో ఉన్నవాళ్లకు కొత్తగా మారేదేమీ లేదు. పెట్రోలు బంకు ముందు బారులు తీరడం వల్ల బంకు యజమానికి తప్ప ఎవరికీ లాభం లేదు.

సరిహద్దు రాష్ట్రాల్లో పిల్లలున్న కుటుంబాల సంగతి వేరు. వాళ్లు చూడాల్సింది క్షిపణి వార్త కాదు, విమానాశ్రయాల వార్త. 2025 మేలో ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూతపడ్డాయి, మళ్లీ 12న తెరిచారు. మూతపడ్డాక గన్నవరం రావాలంటే ముందు రైల్లోనో బస్సులోనో ఢిల్లీ చేరాలి, అక్కడి నుంచే విమానం. అప్పట్లో ఢిల్లీ ఏపీ భవన్‌లో ప్రభుత్వం కంట్రోల్ రూమ్ పెట్టింది, సరిహద్దు నుంచి వచ్చిన విద్యార్థులకు అక్కడ బస, భోజనం దొరికాయి. అందుకే జమ్మూలోనో అమృత్‌సర్‌లోనో చదివే పిల్లల ఫోన్‌లో ఢిల్లీ దాకా వచ్చే రెండు రైళ్ల పేర్లు, ఏపీ భవన్ నంబరు, కొంత నగదు ఉంచమనడం మంచి సలహా. గగనతలంలో పెద్ద భాగం ఒకేసారి మూసేయడం, సెలవుల రద్దు, రాయబార కార్యాలయాలు తమ పౌరుల్ని వెనక్కి రమ్మనడం, ఈ మూడూ ఒకే వారంలో వస్తే టికెట్టు తీసేయొచ్చు. క్షిపణి వార్త ఒక్కటే వస్తే పిల్లాణ్ని పరీక్షలకు చదువుకోమనండి.

ఇక మన తీరం కూడా ఈ పటంలో భాగమే. బాపట్ల దగ్గర సూర్యలంక వాయుసేన స్థావరంలో గగనతల రక్షణ క్షిపణుల్ని ప్రయోగిస్తుంటారు. 2023 డిసెంబరులో ఒకే ఆకాశ్ క్షిపణి యూనిట్ ఒకేసారి నాలుగు లక్ష్యాల్ని కూల్చింది ఇక్కడే. ఇవి వచ్చేదాన్ని అడ్డుకునేవి, పరాయి దేశం మీదికి పోయేవి కావు. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద యుద్ధ విమానాలు దిగే రన్‌వే ఉంది. ఇక కృష్ణా జిల్లా నాగాయలంకలో డీఆర్‌డీఓ క్షిపణి పరీక్ష కేంద్రానికి ప్రధాని అమరావతి సభ నుంచి శంకుస్థాపన చేశారు. సుమారు 1,460 కోట్ల రూపాయల ప్రాజెక్టు అది. శంకుస్థాపన జరిగిన రోజు 2025 మే 2. పహల్గాం జరిగి పది రోజులు, సిందూర్‌కు ఐదు రోజుల ముందు. తేదీ ఒక్కటే చూసిన పరాయి విశ్లేషకుడు ఎవరైనా దాన్ని యుద్ధ సన్నాహంగా రాసుకుని ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఫైళ్లలో, అటవీ అనుమతుల్లో నలిగిన ప్రాజెక్టు అని దివిసీమలో ఎవర్నడిగినా చెబుతారు. అవతలి వాళ్ల పరీక్షల తేదీలు చూసి మనం వేసే లెక్కలూ సగం ఇలాంటివే.

నాగాయలంక రేంజ్ పనిచేయడం మొదలయ్యాక నోటీసుల సంగతి ఇక్కడి మత్స్యకారులకు నేరుగా తగులుతుంది. గిలకలదిండి, నిజాంపట్నం నుంచి వేటకు వెళ్లే బోటు సముద్రంలో నాలుగైదు రోజులు ఉంటుంది. బోటు బయల్దేరాక వచ్చిన హెచ్చరిక దాన్ని చేరాలంటే వైర్‌లెస్ సెట్టు పనిచేయాలి, కబురు తెలుగులో ఉండాలి, అక్షాంశ రేఖాంశాలు బోటులోని జీపీఎస్‌లో నేరుగా కొట్టుకునే విధంగా డిగ్రీలు, నిమిషాల్లో ఇవ్వాలి, వేళలు మన గడియారం ప్రకారం రాయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఎలాగూ వేట నిషేధం ఉంటుంది కాబట్టి వీలైనన్ని ప్రయోగాలు ఆ 61 రోజుల్లో పెట్టుకోమని మత్స్యకార సంఘాలు ఇప్పుడే అడగడం మేలు. రేంజ్ క్యాలెండర్ ఖరారయ్యాక అడిగితే మార్చడం కష్టం.